ఐదున్నరకు తెరిచే గది

మా ఆఫీసులో నా పని ఎవరూ చదవని పుస్తకాలు రాయడం. సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్లకు ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో విడమరిచి చెప్పే పత్రాలు. పదిహేనేళ్లుగా అదే రాస్తున్నాను. మా అమ్మకు ఇప్పటికీ నా ఉద్యోగం ఏమిటో సరిగ్గా తెలియదు. ఎవరైనా అడిగితే "కంప్యూటర్లో రాస్తుందండి" అని చెప్పి ఊరుకుంటుంది. మా ఇంట్లో నా ఉద్యోగానికి మొదట విలువ ఇచ్చింది మా ఇంట్లో పనిచేసే ఆమె. ఒకరోజు పొద్దున గిన్నెలు తోముతూ ఆగి, "మేడం, మా అక్క ఎమ్మెల్యే ఓట్లకు నిలవడ్తుంది. కాయితం రాసెటోళ్లు లేరు. మీరు జర రాస్తరా?" అని అడిగింది.

ఆ అక్క ఆమెకు సొంత అక్క కాదు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లందరికీ అక్క. బోరబండలో ఉంటారు. ఒకప్పుడు ఆడవాళ్లకు కుట్టుపని నేర్పేవారు, తర్వాత వాళ్లందరినీ కూడగట్టి సంఘం పెట్టారు. ఏ పార్టీ టిక్కెట్టూ లేదు. ఇల్లు బోరబండలో అయినా పోటీ మాత్రం మా గోపన్‌పల్లి వైపు, ఎందుకంటే సంఘంలో సగంమంది ఉండేదీ పనిచేసేదీ ఇక్కడే. ఆమె ఎంఎంటీఎస్ రైలెక్కి లింగంపల్లిలో దిగి, అక్కణ్ణుంచి షేర్ ఆటోలో వచ్చేవారు. గెలవరని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. గెలుస్తరా అని ఎవరైనా అడిగితే, నిలవడ్తున్న అని మాత్రం చెప్పేవారు.

నాకు ముక్కు మీద కోపం. నేను రాసినదాన్ని ఎవరైనా దిద్దితే మరీను. మొదటి వారమే కూర్చుని పంతొమ్మిది హామీలు రాసేశాను. ఆఫీసు అలవాటు కొద్దీ వరస నంబర్లు వేసి, ఉపశీర్షికలు పెట్టి, రంగుల్లో ప్రింటు తీసి పట్టుకెళ్లాను. అక్క అటూ ఇటూ తిప్పి చూసి, మస్తు సాఫ్‌గ రాసినవ్ చెల్లె, ఇగ ఆదివారం చదువుదాం అన్నారు. ఇంకా చదవడమేమిటి, ప్రెస్సుకు ఇచ్చేయడమే కదా అనుకున్నాను.

ఆమె పద్ధతి వేరు. ఆదివారం మధ్యాహ్నం పనులు ముగించుకున్న ఆడవాళ్లు గోపన్‌పల్లి పాత ఊళ్లో ఒకరింటి మేడ మీద చేరేవారు. ఒక్కో హామీ నేను పైకి చదవాలి. అది ఎవరికోసమో వాళ్లను అక్క అడిగేవారు, ఈ మాట నిజమైతే రేపు సోమారం నీకేం మారుతది అని. జవాబు వస్తే ఆ మాట ఉంటుంది. రాకపోతే కొట్టేయాల్సిందే. వింటున్నంతసేపూ ఆమె చేతిలో ఎవరిదో ఒక చీర ఉండేది, దానికి ఫాల్ కుడుతూ వినేవారు. సూది ఆగిందంటే నా వాక్యం పోయిందని అర్థం.

మొదటి ఆదివారం సూది ఎనిమిదిసార్లు ఆగింది. మహిళా సాధికారత పోయింది, విశ్వనగరం పోయింది. దవాఖానల గురించి నేను కొత్త భవనాలు రాస్తే, ఉన్న భవనం చాలు, మేం పనిలో ఉన్నప్పుడు తెరిచి మేం వచ్చేసరికి మూస్తున్నరు, దాన్ని సాయంత్రం పూట తెరవమని రాయండి అన్నారు. అలాగే రాశాను. కిరాయికి ఉన్నవాళ్లను ఖాళీ చేయించాలంటే మూడు నెలల ముందు చెప్పాలన్నది మాత్రం చదవగానే నలుగురు ఒకేసారి మాట్లాడారు, అది నిలిచింది. వారానికి ఒక సెలవు నిలిచింది. బండ్ల మీద తిండి డెలివరీ చేసే కుర్రాళ్లకు కంపెనీల గేట్ల దగ్గర కాస్త నీడ, ఒక మరుగుదొడ్డి ఉండాలన్నది అసలు నేను రాయనే లేదు. వాళ్ల కొడుకులు ఆ పని చేస్తారు కనుక వాళ్లే చేర్పించారు.

నేను ప్రతి కొట్టివేతకూ వాదించాను. మాది కాకినాడ వైపు, కోపంలో కూడా అండీలు దొర్లుతాయి. "అలా కాదండి, వినండి" అంటే వాళ్లు పడీ పడీ నవ్వేవారు. రెండో ఆదివారానికల్లా నా పేరు అండి మేడం అయిపోయింది. చెప్పొద్దూ, ఆ మేడ మీద నాకు జరిగినంత మర్యాద ఏ మీటింగులోనూ జరగలేదు, పడినన్ని అక్షింతలూ పడలేదు. శనివారం రాత్రి నుంచే ఆదివారం కోసం చూసేదాన్ని.

మూడో ఆదివారం పిల్లల సంరక్షణ హామీ దగ్గరకు వచ్చాం. అది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. గొంతు సవరించుకుని చదివాను. ప్రతి బస్తీలో పసిపిల్లల కేంద్రం, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు, పాలు, గుడ్డు, ఇద్దరు ఆయాలు. సూది ఆగలేదు. అందరికీ నచ్చిందనే అనుకున్నాను.

మా ఇంట్లో పనిచేసే ఆమె మెల్లగా, "తొమ్మిదింటికా?" అంది.

అక్క చీర ఒళ్లో పెట్టుకుని నావైపు తిరిగారు. "రేపు పొద్దుగాల ఈమె యాడ ఉంటది?"

"మా ఇంట్లోనండి."

"ఎన్నింటికొస్తది?"

"ఆరింటికి."

"మరి బిడ్డ?"

ఆమెకు నాలుగేళ్ల పాప ఉందని నాకు తెలుసు. జ్వరమొస్తే మందు పేరు చెప్పాను, పండక్కి బట్టలు పంపాను. ఆ పాపను ఎప్పుడూ చూడలేదు. మూడేళ్లుగా వాళ్లమ్మ ఆరింటికల్లా మా వంటింట్లో ఉంటే, ఆ వేళకు పాప ఎక్కడుంటుందని ఒక్కసారీ అడగలేదు. నేను రాసిన తొమ్మిది మా ఆఫీసు టైము. మా అబ్బాయిని నేను డేకేర్‌లో దింపిన టైము. పిల్లల కేంద్రం అనగానే నా చేతికి ఆ అంకె తప్ప ఇంకోటి తట్టలేదు.

ఆమె కష్టం చెప్పుకుంటున్నట్టు కాకుండా, అడ్రసు చెప్పినట్టు చెప్పింది. భర్త క్యాబ్ నడుపుతాడు, ఎయిర్‌పోర్టు వైపు వెళ్తే పొద్దెక్కిగాని రాడు. ఐదున్నర దాటగానే ఆమె బయట తాళం వేసి వస్తుంది. తాళంచెవి పక్కింటి ముసలమ్మ దగ్గర ఉంటుంది. ఐదిళ్లు ముగించి పదకొండున్నరకు వెళ్లేసరికి పాప కిటికీ దగ్గర కూర్చుని ఉంటుంది.

"ఇప్పుడు ఏడ్వదు మేడం. అలవాటైంది," అంది.

నా కోపం ఎప్పుడూ తప్పు మనిషి మీదికే పోతుంది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అందరిలోనూ ఆమెనే కసిరాను. ఆ తర్వాత, రేపటి నుంచి మా ఇంటికి తొమ్మిదింటికి రా, ఫర్వాలేదు అన్నాను. నేనేదో వరమిచ్చానని అనుకున్నాను గాని, ఆమె నవ్వేసింది. మీరు తొమ్మిదన్నా తక్కిన నాలుగిండ్లు ఊకుంటయా, వాళ్లకు ఆఫీసులుంటయ్ గద అంది.

అక్క సూది మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. "నీ మంచితనం నీ గడప దాంక పోతది చెల్లె. అవుతలికి పోవాల్నంటే కాయితం మీద రాయాలె."

అక్కడే కూర్చుని తిరగరాశాను. పొద్దున ఐదున్నరకు తెరిచే పిల్లల గది. వంద ఇళ్లు దాటిన ప్రతి అపార్ట్‌మెంటూ కింది అంతస్తులో ఒక గది ఇవ్వాలని చట్టం. తల్లి ఏ గేటు లోపల పనిచేస్తుందో బిడ్డ కూడా ఆ గేటు లోపలే ఉండాలన్నది వాళ్ల మాట. ఆ హామీకి సోమవారం ఏం మారుతుందని అక్క అడగలేదు.

కరపత్రం అచ్చయింది. ఓట్లకు వారం ముందు మా అపార్ట్‌మెంటు అసోసియేషన్ వాళ్లు పోటీలో ఉన్న అందరినీ క్లబ్‌హౌస్‌కు పిలిచారు. మనిషికి పది నిమిషాలు, తర్వాత సమోసా, టీ. మా వాళ్ల సంగతి నాకు తెలుసు. ట్యాంకర్ నీళ్లు, వీధికుక్కలు, చెరువు కంపు, గచ్చిబౌలి దాకా ట్రాఫిక్, వీటి గురించి మాట్లాడితే చప్పట్లు పడతాయి. ముందురోజు ఫోన్ చేసి, పిల్లల గది మాట మాత్రం ఇక్కడ చదవకండి అక్కా అని బతిమాలాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, ముందు నాలుగు ఓట్లు పడనివ్వండి అన్నాను. చూద్దం తియ్ అన్నారామె.

అన్నీ చదివారు. పిల్లల గది దగ్గర గొంతు తగ్గించలేదు సరికదా, రెండుసార్లు చదివారు. ఇది రెసిడెన్షియల్ కమ్యూనిటీ అండి, ప్లేస్కూల్ కాదు అన్నారొకరు. పిల్లకు ఏమైనా అయితే బాధ్యత ఎవరిది అని మరొకరు అడిగారు. "ఇప్పుడు తాళమేసి వస్తున్నరు సార్. ఇప్పుడెవరిది బాధ్యత?" అని అక్క తిరిగి అడిగారు. ఆయన కూర్చోలేదు. మా అపార్ట్‌మెంటు సంగతులు మీకెలా తెలుసు, ఈ కాయితం ఎవరు రాశారు అన్నారు.

నేను మూడో వరసలో ఉన్నాను. అక్క నావైపు ఒక్కసారైనా చూడలేదు. మా ఆడోళ్లు చెప్పిన్రు అని ఊరుకున్నారు. నేను లేవలేదు. పక్కింటి వాళ్లతో పదేళ్లు బతకాలి అనుకున్నానో, అసలేమీ అనుకోలేదో ఇప్పుడు చెప్పలేను. కాగితం ప్లేటులోని సమోసాను చూస్తూ కూర్చున్నాను.

ఆటో ఎక్కించడానికి గేటు దాకా వెళ్లాను. క్షమించండి అక్కా అన్నాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. నా చున్నీ అంచు ఊడిపోయి వేలాడుతుంటే దాన్ని వేళ్లతో పట్టుకుని చూశారు. "నువ్వు రాసినవ్. చదువుడు నా పని. అందరు అన్ని పనులు చేస్తరా?" అని, ఆదివారం ఈ చున్నీ తీసుకురమ్మని చెప్పి ఆటో ఎక్కారు. నా సొంత అక్కమీద కూడా నాకెప్పుడూ అంత ప్రేమ రాలేదు.

అనుకున్నట్టే ఓడిపోయారు. తర్వాతి ఆదివారం పరామర్శకని మైసూర్‌పాక్ పట్టుకుని మేడ మీదికి వెళ్లాను. ఆడవాళ్లంతా వచ్చారు. అక్క కరపత్రం నా చేతికిచ్చి చదవమన్నారు. ఓట్లు అయిపోయాయి కదక్కా, ఇంకా ఎందుకు అన్నాను.

"ఓడింది నేను. ఐదున్నర యాడికన్న పోయిందా? రోజు వస్తలేదా?" అన్నారు.

మర్నాడే అసోసియేషన్‌కు ఉత్తరం రాశాను. గేటు పక్కన డ్రైవర్ల కోసం కట్టిన గది ఒకటుంది. అందులో విరిగిన ట్రెడ్‌మిల్లులు పడేశారు. అది పొద్దున పూట పిల్లల కోసం ఇవ్వాలని కోరాను. సర్వసభ్య సమావేశంలో నా వంతు వచ్చింది. ఆ రోజు మీరడిగిన కాయితం రాసింది నేనేనండి అని మొదలుపెట్టి, మా వంటింట్లో ఆరు గంటలప్పుడు ఎవరుంటారో, అప్పుడు వాళ్ల పాప ఎక్కడుంటుందో చెప్పాను. మూడేళ్లు నేను అడగలేదని కూడా చెప్పాను. మావైపు లేచిన చేతులు తక్కువ. ట్రెడ్‌మిల్లులు అక్కడే ఉండిపోయాయి.

కానీ లేచిన చేతుల్లో నేను ఊహించనివి కొన్ని ఉన్నాయి. వాళ్లూ నేనూ కలిసి పాత ఊరి రోడ్డులో, మా గేటుకు దగ్గర్లో, ఒక గది కిరాయికి తీసుకున్నాం. అక్క వచ్చి గోడలు తడిమి, పంపు తిప్పి చూసి సంతోషించారు. తాను కుట్టిన కర్టెన్లు కట్టారు. కట్టాక నాతో, ఇది ఒక్క గది, కాయితంల ఉన్నది చట్టం, రెండు కలుపకు అన్నారు. వచ్చే ఓట్ల కాగితంలోనూ ఆ మాట ఉండాలట. మళ్లీ నిలబడతారు, అందులో అనుమానం లేదు.

ఐదున్నరకు ఆ గది తెరిచి పిల్లల్ని చూసుకునే మనిషి కావాలి. ఆడవాళ్లంతా కలిసి మా ఇంట్లో పనిచేసే ఆమెనే అనుకున్నారు. ఆమె వచ్చి, మేడం, వచ్చే నెల నుంచి నేను రాను అని చెప్పింది. చెప్పుకుంటే సిగ్గు, ముందు నాకు గుర్తొచ్చింది నా గిన్నెలే. ఆ తర్వాతే సంతోషించాను. ఇప్పుడు ఆరింటికి మా ఆయనా నేనూ వంతులు వేసుకుని తోముకుంటున్నాం. గాజు గ్లాసులు ఆయన వంతు రోజునే పగులుతాయి.

గది తెరిచిన రెండో వారం ఒకరోజు పొద్దున్నే అటు వెళ్లాను. ఆమె గుమ్మంలోనే ఆపి, చేతులు కడుక్కోనిదే లోపలికి రానివ్వలేదు. తర్వాత పాలు కాచడానికి వెనక వంటింట్లోకి వెళ్లింది. చాపల మీద పిల్లలు ఎలా పడితే అలా నిద్రపోతున్నారు. అందులో తన పాప ఎవరో ఆమె చెప్పలేదు. నేను ముఖాలు చూస్తూ గోడవారగా కూర్చున్నాను.

కాసేపటికి కర్టెన్ పక్కన ఒక పిల్ల కళ్లు తెరిచింది. నన్ను చూసి భయపడలేదు, ఏడవలేదు. లేచి కూర్చుని, ముందు తలుపు వంక చూసింది. తర్వాత గట్టిగా కాదు, ఎవరూ పలకరని తెలిసినంత మెల్లగా, "అమ్మా" అంది.

"ఈడనే ఉన్న బిడ్డా," అని లోపలి నుంచి వాళ్లమ్మ పలికింది.