సీటు ముక్కు, నా చిటికెన వేలు

ఆ ఉదయం బడా బజార్‌లోని మా బట్టల కొట్లో ఒకావిడకి జాకెట్ గుడ్డ కత్తిరిస్తున్నాను. గీత మీద పోవాల్సిన కత్తెర పక్కకి జారింది. కుడిచేతి చిటికెన వేలూ ఉంగరం వేలూ రెండు వారాలుగా తిమ్మిరిగా ఉన్నాయి; ఆరోజు ముడుచుకోవడం కూడా మానేశాయి. ఆవిడ వంకర గుడ్డనీ నా ముఖాన్నీ చూసి, "తాగినావేటి బావూ?" అంది.

పక్షవాతమని అమ్మ, దిష్టని పిన్ని, పోటీపడి ఏడ్చారు. నాన్న మాత్రం కత్తెర తీసి తన పక్కన పెట్టుకున్నాడు. నాకు భయం వేసింది అప్పుడే.

"సైకిల్ హేండిలు ఎత్తు సాల్లేదురా, నాను సూస్తాను కదా," అన్నాడు సింహాద్రి. వాడు నా స్నేహితుడు, మొబైళ్లు బాగుచేస్తాడు. ఆదివారాలు మేమిద్దరం కెరండిమాల్ కొండల కింద రాళ్ల బాటల్లో మౌంటెన్ బైకులు తొక్కుతాం. తొక్కేది గంట, వాడు ఎలెన్ కీతో బోల్టులు విప్పి బిగించేది మూడు గంటలు. వాడు వీడియో చూసినప్పుడల్లా నా సైకిల్‌కి కొత్త జన్మ.

డాక్టరు నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాగితం పెట్టి, "గట్టిగా పట్టుకో," అని లాగారు. వచ్చేసింది. నేనింకా పట్టుకున్నాననే అనుకుంటున్నాను. నరాల పనితీరు చూసే ఎన్‌సీవీ టెస్ట్ అంటే చేతికి చిన్న చిన్న షాకులు. ప్రాణం పోతుందని బెదిరించిన బంధువులకి మనవి: పోదు.

"అల్నర్ నర్వ్ కంప్రెషన్. హేండిల్ ఒత్తిడికి మణికట్టు దగ్గర నరం నలిగింది. మణికట్టు కదలకుండా స్ప్లింట్ కట్టుకో, ఆరు వారాలు సైకిల్ బంద్."

మూడో వారంలో సింహాద్రి మెత్తటి జెల్ గ్లవ్స్ తెచ్చాడు. "ఇయ్యి ఏసుకుంటే సెయ్యికి ఏటీ తెలీదురా!" నా చేతికి అప్పటికే ఏమీ తెలియడం లేదు. అయినా తొక్కడానికి వెళ్లాను. ఇలాంటి బుద్ధికి ఏ స్కానింగూ లేదు.

రివ్యూ నాటికి బొటనవేలి పక్కన కండ గుంటపడింది. "మజిల్ వేస్టింగ్. ఇలాగే చేస్తే సర్జరీ. చేసినా పట్టు పూర్తిగా వస్తుందని మాటివ్వలేను," అన్నారు డాక్టరు. దాని మీద జోకు వేద్దామని చూశాను. దొరకలేదు.

ఫిజియోథెరపిస్టు సైకిల్‌నే తెమ్మన్నాడు. "ఇది సీటా, జారుడు బల్లా? ముక్కు కిందికి దించేశారు. ఒంటి బరువంతా జారి అరచేతుల మీద పడుతోంది. ఎవరిదీ పని?"

నేను వెంట వచ్చిన సింహాద్రిని చూశాను.

"నువ్వే కదరా దించమన్నావు! కూకుంటే నొప్పెడతందని ఏడిసినావు!"

నిజమే. పిర్రల సుఖానికి చేతిని రాసిచ్చిన మేధావిని నేనే.

రబ్బరు ముద్ద పిసుకుతూ అయిదు నెలలు గడిపాను. చిటికెన వేలి కొస ఇప్పటికీ మొద్దే. ఆదివారాలు మళ్లీ వెళ్తున్నాం. సీటు సమంగా ఉంది, ఎలెన్ కీ నా జేబులో ఉంది. సైకిల్ దిగాక కూడా వేళ్ల తిమ్మిరి పోకపోతే గ్లవ్స్ కొనకండి. డాక్టరు దగ్గరికి వెళ్లండి, సైకిల్‌నీ తీసుకెళ్లండి. మనం దాచింది అది చెప్పేస్తుంది.

పోయిన నెల నాన్న కత్తెర నా వైపు జరిపాడు. ఎదురుగా ఆనాటి జాకెట్ గుడ్డ ఆవిడే. గుడ్డ గీత మీదే తెగింది. ఆవిడ దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, "ఇయ్యాల తాగనేదేటి?" అంది.