ముల్లు దిగినా తెలియలేదు

బస్సులో కమ్మీ పట్టుకోకుండా నిలబడి టికెట్లు కొట్టిన కండక్టర్ని నేను. గిద్దలూరు దాటాక నల్లమల ఘాటులో బస్సు ఎటు వంపు తిరిగినా నా నడుం దానంతట అదే సర్దుకునేది. అలాంటివాణ్ణి, పక్షవాతం వచ్చి, ఆస్పత్రి నుంచి మార్కాపురంలో మా ఇంటికి చేరాక, కదలని నేల మీద నిలబడలేక మంచం కోడు పట్టుకున్నాను. ఎడమ వైపు ఒళ్లు నాది కాకుండా పోయింది. ఏడుపు కూడా రాలేదు. ఇదేం ఖర్మరా అని బిత్తరపోయి కూర్చున్నాను.

అన్నిటికంటే సిగ్గు, దొడ్లోకి పోవడం. ఇంటి వెనక మరుగుదొడ్డి దాకా మా ఆవిడ నడిపించుకుపోయి తలుపు బయట నిలబడేది. "అయిందా?" అని అడిగేది. ఆ మాట వింటే నాకు తల కొట్టేసినట్టు ఉండేది. ఇంకేమీ వద్దు, తోడు లేకుండా అక్కడిదాకా పోయి రాగలిగితే చాలు దేవుడా అనుకున్నాను.

ఫిజియోథెరపీ చదివిన అమ్మాయి ఒకతె ఇంటికొచ్చి వ్యాయామం చేయించేది. కిటికీ ఊచలు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడమనేది. పాదం ముందు పాదం ఆనించి గీత మీద నడవమనేది. నేను ఊగిపోతుంటే మా ఆవిడ నా నడుముకు చుట్టిన తువ్వాలు వెనక నుంచి బిగపట్టేది.

"పెదనాయనా, కింద చూడమాకు. కాళ్లెక్కడికీ పోవు" అనేది ఆ పిల్ల.

"ఒకటి పోయింది గదా పాపా" అనేవాణ్ణి. నవ్వేది గానీ వదిలేది కాదు. నెలలు గడిచేకొద్దీ ఊగడం తగ్గింది. గోడకు చెయ్యి ఆనించి హాలంతా తిరగసాగాను.

ఒక ఆదివారం మా ఆవిడ చర్చికి పోయింది. ఇదే సందు అనుకుని గోడ పట్టుకుంటూ వెనక వాకిలి దాటాను. వెళ్లాను, వచ్చాను. పడలేదు! మంచం మీద కూర్చుని మీసం దువ్వుకుంటూ ఆమె కోసం ఎదురుచూశాను.

ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. ముఖం పాలిపోయింది.

"ఏందయ్యా ఈ నెత్తురు?"

ఏం నెత్తురు? కిందికి చూశాను. వెనక వాకిలి నుంచి మంచం దాకా బండల మీద ఎర్రటి మరకలు, అడుగు విడిచి అడుగు. రక్తం పలచబడే మాత్రలు మింగుతున్నాను కదా, ఆగకుండా కారింది. ఎడమ కాలికి చెప్పు లేదు. పాదం ఎత్తి చూస్తే సర్కారు తుమ్మ ముల్లు నిలువునా దిగి ఉంది. చెప్పు ఎప్పుడు జారిందో, ముల్లు ఎక్కడ దిగిందో నాకు తెలియదు. ఆమె పళ్లు బిగించి ముల్లు పీకింది. "అబ్బా!" అని అరిచింది కూడా ఆమే. నడక వచ్చిందని మురిసిపోయానే, కింద నేల ఉందో లేదో ఆ కాలికే తెలియదే!

"మళ్లా ఒక్కడివే లేచినావంటే నా మీద ఒట్టే" అంది. వెనక తలుపుకు తాళం వేసింది.

గాయం మానాక ఆ అమ్మాయి కొత్త పని పెట్టింది. నేను కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకోవాలి. ఎడమ పాదం కింద పెట్టింది బియ్యమో ఇసుకో కొబ్బరిపీచో చెప్పాలి. నేను మొండివాణ్ణి, తెలియకపోయినా తెలియదనను. ఇసుక అంటే బియ్యం అయ్యేది, బియ్యం అంటే పీచు అయ్యేది.

"నువ్వు సోదె చెప్పడానికి పనికిరావులే" అని మా ఆవిడ ఎగతాళి చేసేది.

ఒక సాయంత్రం మా ఆవిడే ఇసుక పళ్లెం తెచ్చి పాదం కింద పెట్టింది. కళ్లు మూసుకున్నాను. వేలి సందున సుర్రుమంది. "అమ్మోయ్!" అని కేక పెట్టాను. ఆమె హడలిపోయి నా భుజాలు పట్టుకుంది.

"కుట్టింది! ఎడమ కాలికే!"

ఇసుకలో వచ్చిన ఎర్రచీమ, వేలిని కరిచి పట్టుకుని ఉంది. ఆమె దులపబోయింది.

"దులపమాకే, ఉండనీ!" అన్నాను. చీమ కరుస్తూనే ఉంది. మంట పుడుతూనే ఉంది. నాకు కళ్ల నీళ్లు ఆగలేదు. ఇద్దరం తలలు వంచి దాన్నే చూస్తూ ఉండిపోయాం.

చివరికి ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, లేచి, వెనక తలుపు తీసింది. నేను కుర్చీ చేతులు పట్టుకుని లేచాను. ఆమె నా వెనక రాలేదు.

"చెప్పులేసుకొని పో" అంది.