బావ తోసేసిన చెయ్యి

మొన్న జగ్గయ్యపేటలో చుట్టాల గృహప్రవేశానికి వెళ్ళాను. భోజనాల వరుసల మధ్య ఇరుకు దారిలో నడుస్తూ, తూలిపోకుండా ఒకాయన కుడి భుజం మీద చెయ్యి ఆనించాను. ఆయన పప్పన్నం కలపడం ఆపలేదు, తల తిప్పి చూడనూ లేదు. ఎడమ చెయ్యి మాత్రం ఛాతీ మీదుగా అడ్డంగా లేచి, సరిగ్గా నా వేళ్ళున్న చోటికి వచ్చి, వాటిని విసురుగా తోసేసింది. నేను రావడం ముందే చూసి ఉంటాడు. ఎదురు వరుసలో ఎవరో "వీళ్ళిద్దరూ ఈ జన్మకి మారరు" అని నవ్వారు. ఆయన మా అక్క భర్త. అవమానపడాల్సిన నేను, ఆ చెయ్యి ఎక్కడా తడుముకోలేదనీ చోటు తప్పలేదనీ గమనించి, తృప్తిగా వెళ్ళి నా విస్తరి ముందు కూర్చున్నాను.

మా వైరానికి మూలం కూడా ఒక విందు భోజనమే. నేను మత్తు డాక్టర్ని. విజయవాడలో, తలకు దెబ్బలు తగిలి స్పృహ తప్పినవాళ్ళను ఉంచే వార్డులో పనిచేస్తాను. "మత్తు డాక్టరంటే జోలపాడేవాడేగా, మందిచ్చే డాక్టర్ వేరే ఉంటాడుగా" అని బావ ఆ రోజు పంక్తి మొత్తానికీ వినిపించేలా అన్నాడు. బావది మిర్చి వ్యాపారం. బస్తా బరువు తూగడానికి కాయల మీద నీళ్ళు చల్లేవాళ్ళ కంటే జోలపాడేవాళ్ళే నయమని నేనూ అంతే గట్టిగా అన్నాను. ఆ మాటలో అబద్ధం లేదని ఈనాటికీ నా అభిప్రాయం. అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు. అక్క ఫోన్‌లో నాతో మాట్లాడుతుంటే పక్క గదిలో టీవీ సౌండ్ పెరిగేది.

అలాంటి మనిషి ఆ మధ్య గరికపాడు చెక్‌పోస్టు దాటాక ఆగి ఉన్న లారీని బైక్‌తో గుద్దుకున్నాడు. నందిగామలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. నేను చేరేసరికి బావ తమ్ముడు, ఇక లాభం లేదని, జగ్గయ్యపేటలో ఇంటికి తీసుకెళ్ళడానికి అంబులెన్స్ మాట్లాడి గుమ్మంలో నిలబెట్టాడు. ఇల్లు చేరితే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనడం లేదు. "నొప్పి కలిగిస్తే చేతులు కొంచెం ముడుచుకుంటున్నాయి, అంతే సార్. పొద్దున కూడా అలాగే ఉంది" అన్నాడు డ్యూటీ డాక్టరు.

అక్క నా చొక్కా పట్టుకుని, "లేదురా, నా వేలు పెడితే గట్టిగా పట్టుకుంటున్నారు. వింటున్నారు, నాకు తెలుసు" అంది.

"పసిపిల్లలు కూడా అలాగే పట్టుకుంటారక్కా. అది లెక్కలోకి రాదు. వదలమంటే వదలాలి, అప్పుడు విన్నట్టు."

"చూసావా వదినా, అన్నయ్య పోవాలనే వచ్చాడు నీ తమ్ముడు" అన్నాడు బావ తమ్ముడు.

నేను మంచం దగ్గరికి వెళ్ళి, "బావా! రెండు వేళ్ళు చూపించు!" అని అరిచాను. ఇన్నేళ్ళ తర్వాత ఆయనతో నేనన్న మొదటి మాట అది. జవాబు రాలేదు, అంతకుముందూ వచ్చేది కాదు గనక అదొక్కటే రుజువు కాజాలదు. నుదురు దగ్గర, కనుబొమ కింది ఎముక మీద బొటనవేలితో నొక్కాను. ముఖం చిట్లించాడు. దుప్పటి కింద మోచేతులు కొద్దిగా కదిలి ఆగిపోయాయి.

"ఏమయ్యా, కసి తీరలేదా? కళ్ళు తెరవలేని మనిషిని పొడుస్తావా?" బావ తమ్ముడు నా భుజం పట్టి లాగాడు. అతని అనుమానంలో న్యాయం లేకపోలేదు. ఈ పరీక్ష చూసేవాళ్ళకు హింసలాగే ఉంటుంది. పైగా చేసేవాణ్ణి నేను. కానీ నా దృష్టి ఆ మోచేతుల మీద ఉంది. ముడుచుకునే చెయ్యి దానంతట అది ఆగుతుంది. ఇవి వాటంతట అవి ఆగలేదు, ఎవరో పట్టి ఆపినట్టున్నాయి. ఏసీ చలికి అక్క మెడ దాకా కప్పిన దుప్పటిని తీసేశాను. రెండు మణికట్టులూ బ్యాండేజీ గుడ్డతో మంచం కమ్మీకి కట్టి ఉన్నాయి.

"నిన్న కట్టామండి, ముక్కులో పైపు పీకేస్తున్నారని" అంది నర్సు.

బాధ ముక్కులో ఉంటే చెయ్యి ముక్కు దగ్గరికే వెళ్ళింది. మేము వెతుకుతున్న జవాబు అదే: నొప్పి ఉన్న చోటికే చెయ్యి వెళ్తే, మెదడు ఆ చోటును గుర్తుపడుతున్నట్టు, ఇంకా ఆశ ఉన్నట్టు. దాన్ని కట్టేసి, పైన దుప్పటి కప్పి, పొద్దున ఆ కట్టుతోనే పరీక్షించి, చేతులు పైకి రావడం లేదని తేల్చారు. నేను ముడి విప్పబోతుంటే బావ తమ్ముడు అడ్డం పడ్డాడు.

"విప్పితే పీకేస్తాడయ్యా!"

"పీకనీ. ఆ పని చేయగలడా లేడా అనేదే నాకు కావాలి."

కట్లు విప్పి, మెడకీ కుడి భుజానికీ మధ్య కండను గట్టిగా గిల్లాను. అవసరమైనంతే గిల్లాను, ఒక్క పిసరు ఎక్కువ కాదు. ఎడమ చెయ్యి వణుకుతూ లేచింది. ఛాతీ దాటింది. నా మణికట్టును వెతికి పట్టుకుని, గోళ్ళు దిగేలా గీరి, పక్కకు తోసేసింది.

అక్క నా చేతి మీది గీతలు చూసి, ఏడుస్తూనే, "మీ బావకి నీ మీద కోపం పోలేదురా" అంది. బావ తమ్ముడు బయటికి వెళ్ళి, డ్రైవర్‌తో బండి పేట వైపు కాదు, విజయవాడ వైపు తిప్పమన్నాడు.

బావ కోలుకున్నాడు. జరిగింది అక్క చెప్పినప్పుడు, "స్పృహలో లేనప్పుడు గిల్లినవాడు ఏం మొగాడు" అన్నాడట. మరికొన్నేళ్ళు గడిస్తే కోపాలు చల్లారతాయని అక్క ఇప్పటికీ ఆశపడుతుంది. నేను ఆశపడను. నాకూ ఆయనకూ వయసు మీద పడుతోంది. ఏదో ఒక రోజు నేను ఆయన భుజం మీద చెయ్యి వేస్తే, తోసేయడానికి ఆయన చెయ్యి లేవదు, నాది అక్కడే ఉండిపోతుంది. ఆ రోజును కాలం వీలైనంత ఆలస్యంగా తేవాలి.