పేరు, బాధ, సంతకం

గోదావరిఖనిలో మా కాలేజీలో పరీక్షల ముందు ఒకమ్మాయి క్లాసులోనే కూలబడి ఏడ్చింది. ఒక్కరూ పట్టించుకోలేదు. నాకు ఒళ్ళు మండింది. కొందరం కలిసి, శనివారం మధ్యాహ్నాలు ఖాళీ ల్యాబులో కూర్చుని తోటివాళ్ళ బాధలు వినే జట్టు ఒకటి పెట్టాం. పెద్దరికం నేనే మీదేసుకున్నాను.

అందరం బొగ్గుబాయి కార్మికుల పిల్లలమే. మస్టరులో హాజరు పడనిదే డ్యూటీ చేసినట్టు కాదని ఉగ్గుపాలతోనే నేర్చుకున్నాం. అందుకని ఒక రిజిస్టరు కొని పేరు, బాధ, సంతకం అని గళ్ళు గీశాను. మనసు విప్పుకోవడానికి వచ్చినవాళ్ళతో సంతకాలు పెట్టించిన మొనగత్తెను నేనే!

ఒక జూనియర్ వచ్చింది. వాళ్ళ నాయన జబ్బుపడి, బాయి పనికి మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు. ఆయన నౌకరీ ఈమెకు రావాలంటే ఈమె కంపెనీ డాక్టర్ల పరీక్షలో నెగ్గాలి.

"రెండు నెలల సంది నిద్ర వడ్తలేదక్కా. బతకబుద్ధి అయితలేదు," అంది. "పేరు మాత్రం రాయకు."

"రాయకుంటే వచ్చినట్టు ఎట్ల తెలుస్తది? నా మీద నమ్మకం లేదా?" అని కసిరాను. భయపడి సంతకం పెట్టింది.

రిజిస్టరును ల్యాబు బల్ల మీదే వదిలేసిన బుద్ధిమంతురాలిని కూడా నేనే. మూడో రోజుకు ఎవరో ఆ పేజీ ఫోటో తీసి కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆమె కనిపిస్తే చాలు, "పిచ్చి మస్టర్ వచ్చింది," అని ఒకటే నవ్వులు. వాళ్ళ నోళ్ళు పడిపోను!

తర్వాతి శనివారం ఆమె తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన దగ్గుతూనే, "బిడ్డా, మా పిల్లకు ఏ రోగం లేదు. ఈ ముచ్చట డాక్టర్ల చెవుల పడితె మా నౌకరి పోతది. అబద్ధమాడిందని రాయి," అన్నాడు.

"అవునక్కా, ఊకెనే చెప్పిన. మంచిగ నిద్ర వడ్తంది," అంది ఆమె, తలెత్తకుండా.

ఆమె కళ్ళ కింద నలుపు కనిపిస్తూనే ఉంది. అయినా రాశాను, ఆమె పేరు పక్కనే: అబద్ధం చెప్పింది. ఆమె సంతకం పెట్టింది. తండ్రి అడిగితే ఫోటో తీసి అదే గ్రూపులో పెట్టాను. నిమిషంలో నవ్వే బొమ్మలు వరసగా పడ్డాయి.

ఆమె డాక్టర్ల పరీక్షలో నెగ్గింది, నౌకరీ వచ్చింది. ఏడాది తర్వాత బస్టాండులో కనిపించింది. కళ్ళ కింద నలుపు తగ్గలేదు. ఉండబట్టలేక, "ఇప్పుడన్న నిద్ర వడ్తందానే?" అని అడిగాను.

"ఎందుకక్కా, మళ్ళ రాసుకుంటవా?" అంది.

రాయనని ఒట్టేశాను. ఆమె నమ్మలేదు. డ్యూటీకి టైమైతుందంటూ జల్ది జల్ది బస్సెక్కేసింది.