సూదులకు దారం ఎక్కించి వెళ్ళమంది మా అమ్మ

మా చిన్నప్పుడు... ఆగండి, ముందు మా మేనకోడలు సునీతను సరిదిద్దాలి. నిన్న ఇక్కడే కామెంట్లలో రాసింది, "నాన్నమ్మకు చివర్లో కుట్టుపని మీద విసుగొచ్చి చేపల వేటలో పడిందట కదా అత్తా" అని. ఎవరు చెప్పారమ్మా, మీ నాన్నేనా? మా తమ్ముడికి వండిన చేప తప్ప ఇంకేదీ కనిపించేది కాదులే.

మా అమ్మకు రెండూ ప్రాణమే. నర్సీపట్నంలో మా ఇంట్లో దిండు గలీబుల నుంచి రేడియో మీద కప్పే గుడ్డ దాకా, ఆవిడ పువ్వు కుట్టనిది లేదు. తుప్పు పట్టి గుడ్డలో దిగని సూదిని పారేసేది కాదు... దీపం మంటలో ఎర్రగా కాల్చి, పట్టకారుతో వంచి, గాలం చేసేది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అందరికీ అన్నాలు పెట్టి, గిన్నెలు తోమి, అప్పుడు ఏటి గట్టుకు. వెనకాల వానపాముల డబ్బాతో నేను.

"ఏటి సారమ్మా, మొగోళ్ళ పని నీకెందుకే?" అనేది అక్కడ బట్టలుతుక్కునే పొరుగింటి అప్పాయమ్మ.

"మా ఆయన గేలమేస్తే సేపలకి సెలవు దొరికినట్టే వదినా. పిల్లలేటి తింతారు?"

ఆ సూది గాలం నుంచి సగం చేపలు జారిపోయేవి. "పోనీలే, దానికీ పిల్లలుంతాయి" అనేది.

నలభై దాటగానే అమ్మకు చత్వారం వచ్చింది. దూరాన నీళ్ళ మీద తేలే గాలం బెండు కదిలితే కనిపించేది... చేతిలో ఉన్న సూది బెజ్జం కనిపించేది కాదు. కళ్ళజోడు పెట్టుకోమంటే, "మీ నాన్నమ్మనైపోతాను" అని కొట్టిపారేసేది. అందుకని దారం ఎక్కించడం నా పని. రోజూ పొద్దున్నే, బడికి వెళ్ళే ముందు.

డెబ్బైల చివర్లో నేను విశాఖపట్నం హాస్టలుకు బయలుదేరిన రోజు, పది సూదులు గుచ్చిన గుడ్డ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"బేగి ఎక్కించీవే. నువ్వొచ్చినదాకా సరిపెట్టుకుంతాను."

"బస్సెళ్ళిపోద్దమ్మా! తమ్ముణ్ణడగలేవా?"

"ఆడు ఆట ఒగ్గితే కదే! రోజూ ఎవుల్ని అడగను?"

ఏడింటికి ఎక్కించాను. మిగిలిన మూడూ తిరిగొచ్చాక చూద్దామని లేచిపోయాను. దసరా సెలవులకు రాలేదు... స్నేహితురాళ్ళు, సినిమాలు. చదువుకుంటున్నదాన్ని కదా, తీరిక ఎక్కడిది?

క్రిస్మస్ రాకముందే కబురు వచ్చింది. కామెర్లు. నేను చేరేసరికి అమ్మను పెట్టెలో పడుకోబెట్టారు.

మూడో నాడు ఆ గుడ్డ విప్పాను. ఏడు సూదుల దారం అయిపోయింది. మిగతా మూడింటి పక్కన మూడు దారాలు... నోటితో తడిపి, మెలిపెట్టి, కొవ్వొత్తి రుద్ది, కొసలు నలిగి పీచులైపోయినవి. ఎన్ని మధ్యాహ్నాలు ప్రయత్నించిందో... ఒక్కటీ దూరలేదు.

ఆ ఆఖరి నెలల్లో రోజూ ఏటి గట్టునే కూర్చునేదని అందరూ చెప్పారు. కూర్చోదా మరి? ఆవిడ కళ్ళకు ఆనేది ఆ బెండొక్కటే. విసుగు కాదు సునీతా. ఎక్కించాల్సిన మనిషి ఇంట్లో లేదు.

ఇప్పుడు చిరిగితే పారేస్తున్నాం, సూది ఉన్న ఇల్లే అరుదు... మీ ఇళ్ళలో దారం ఎవరు ఎక్కించేవారో కింద రాయండి. రాసే ముందు ఒక పని. ఇంట్లో చత్వారం ఉన్న మనిషి ఉంటే, ఇవాళ వెలుతురు ఉండగానే పది సూదులకు దారం ఎక్కించి పెట్టండి. ఐదింటికి తెల్లది, ఐదింటికి నల్లది. మూరెడు చాలు, ఎక్కువైతే చిక్కుపడుతుంది. కొసన ముడి వేయకండి... అది వాళ్ళు వేసుకోగలరు.