హాల్ట్ వినని మా అన్న

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో పోలీసులను తీసుకుంటున్నారని తెలిసి, ఆలూరు నుంచి నేనూ మా పెద్దమ్మ కొడుకూ బస్సెక్కాం. చిన్నప్పుడు జ్వరమొచ్చి అన్నకు రెండు చెవులూ పోయాయి. పోలీసు కావాలన్న కోరిక మాత్రం నాకన్నా ఎక్కువ. ముందుగానే ఖాకీ నిక్కరు కుట్టించుకున్నాడు. మా అవ్వ సాగనంపుతూ నాతో, "వాడు నిలబడితేనే పోలీసు మాదిరి ఉండాడు. నీవు యాడికి పోతాండావురా, వాని సంచి మోసేదానికా?" అంది. ఆ మాట దారి పొడుగునా గుచ్చుకుంటూనే ఉంది.

మైదానంలో ఎత్తు కొలిచే కొయ్య దగ్గరే నన్ను పక్కకు తోసేశారు. అన్న ఎత్తులో నెగ్గాడు, ఛాతీలో నెగ్గాడు, పరుగులో ముందొచ్చాడు. చెవుల సంగతి ఎవరూ అడగలేదు. నేను కంచె బయట నిలబడి చూస్తున్నాను, కడుపు మండిపోతూ.

ఇక కవాతు. ఒకరి వెనక ఒకరు నిలబడాలి. అన్న పోయి అందరికన్నా చివర నిలబడ్డాడు. ముందువాడి కాళ్ళు చూసి నడవడానికని నాకొక్కడికే తెలుసు. కవాతు చేయించే జమేదారు కేకకు అందరి కాళ్ళతో పాటు అన్న కాళ్ళూ కదిలాయి. "అబౌట్ టర్న్!" ముందువాడు తిరగడం చూసి అన్నా తిరిగాడు. అంతే, చివరివాడు మొదటివాడయ్యాడు. చూసుకోవడానికి ముందు కాళ్ళు లేవు.

"హాల్ట్!"

వరుసంతా ఆగింది. అన్న ఒక్కడే ఛాతీ విరుచుకుని గోడవైపు సాగిపోతున్నాడు.

"ఏమప్పా, ఆదోనికి పోతాండావా?" అని జమేదారు అరిచాడు. అందరూ నవ్వారు. నాకు లోపల చల్లగా అనిపించింది. అది ఎంతోసేపు నిలవలేదు. జమేదారు పరుగెత్తి భుజం పట్టి ఆపి, సంగతి అర్థమయ్యాక, "నడక శానా బాగుండాది. ఏం చేద్దాం, చెవుల్లేవే" అన్నాడు దిగులుగా. నన్ను తోసేసినప్పుడు ఎవరూ దిగులు పడలేదు. ఏళ్ళ తర్వాత నేను పత్రికలో విలేకరిగా చేరి ఎన్నో కవాతులకు వెళ్ళాను. ప్రతిచోటా ఆ నడకతోనే పోల్చి చూశాను.

ఆ సాయంత్రం తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. ఖాకీ నిక్కరు చూసి కండక్టరు కిటికీ పక్కనున్న ఒకాయన్ను లేపాడు. "లేయప్పా, పోలీసాయన వచ్చినాడు. కూచో సార్."

అన్న కూర్చున్నాడు. నేను నిలబడ్డాను.

కండక్టరు ఏమన్నాడని అన్న చేయి తిప్పి అడిగాడు. ఏమీ లేదని తల ఊపితే సరిపోయేది. ఆ మాట అందించబుద్ధి కాలేదు. అన్న మళ్ళీ చేయి తిప్పాడు. మా ఇంట్లో పోలీసుకు గుర్తు మీసం మెలేయడం. ఇంకా సరిగా మొలవని నా మీసాన్ని మెలేసి చూపించాను.

ఆలూరు దాకా అన్న వెన్ను వంచలేదు. పైకడ్డీ పట్టుకుని నా చేయి తిమ్మిరెక్కింది.