టైర్లు ముందా, పవరు ముందా

మా అబ్బాయి తెప్పించుకున్న నాలుగు వెడల్పు టైర్లు వాడు పోయాక వచ్చాయి. కారు ఇంజిను పవరు ముందు పెంచేసి, టైర్లు తర్వాత మారుద్దామనుకున్నాడు. ఈలోగా భోగాపురం దగ్గర చిన్న వానకే కారు జారిపోయింది.

ఈ రోజు వాడి స్నేహితుడు వచ్చాడు.

"పిన్నీ, వరండాలో ఉన్న ఆ టైర్లు నాకిచ్చీ. నా కారుకీ పవరు పెంచీసేను, రోడ్డు మీద పట్టు దొరకట్లేదు."

"ఏటిరా, నువ్వూ ముందు పవరే పెంచీసేవా?"

వాడు వరండాలోకెళ్లి ఒక టైరు పైకెత్తాడు.

"తీస్కో. గానీ మెకానిక్కుని ఇక్కడికే పిలు. నాలుగూ బిగించీసాకే కారు కదలాల."

అయ్యేదాకా గుమ్మంలోనే కూర్చున్నాను.

మీ పిల్లలు కారుకి పవరు పెంచామంటే, టైర్లు మార్చారా అని అడగండి. ఏమన్నారో నాకూ చెప్పండి. మా వాణ్ణి నేను అడగలేదు. ఆ పాత టైర్ల కిందే నిమ్మకాయలు పెట్టి, దిష్టి తీసి మురిసిపోయాను.